అలాస్కా క్రూజ్‌లో చిన్న చిన్న సౌకర్యాలు: అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడలో సముద్రం పక్కనే పెరిగాను గానీ, అరవై రెండేళ్ళు వచ్చేదాకా నేను ఓడ ఎక్కలేదు. సియాటిల్‌లో ఉంటున్న మా అమ్మాయి, అల్లుడు కలిసి జూన్‌లో మా ఇద్దరినీ ఏడు రాత్రుల అలాస్కా క్రూజ్‌కి తీసుకెళ్ళారు. తిరిగొచ్చాక బంధువులు, సాయంత్రం వాకింగ్‌లో కలిసేవాళ్ళు, పిల్లల దగ్గరికి అమెరికా బయల్దేరుతున్న తల్లిదండ్రులు చాలా అడిగారు. మంచుకొండల గురించి అడిగినవాళ్ళు తక్కువ. పెరుగు దొరుకుతుందా, బాత్రూమ్ ఎలా ఉంటుంది, కడుపులో తిప్పుతుందా, ఇవే ఎక్కువ. నాకూ ఎక్కే ముందు ఇవే బెంగలు. ఓడలో దాదాపు అన్నీ ఉంటాయి, మనమే మొహమాటపడి అడగం. అడగందే అమ్మైనా పెట్టదని మన పెద్దలు ఊరికే అనలేదు. నేను ఏం అడిగితే ఏం దొరికిందో ఇక్కడ రాస్తున్నాను.

ఓడ బాగా ఊగుతుందా? రాత్రి నిద్ర పడుతుందా?

ఇప్పటి పెద్ద ఓడలకి నీళ్ళలో రెండు పక్కలా రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. అవి పక్కకి ఒరిగే ఊపుని చాలావరకు తగ్గిస్తాయి. అయితే సియాటిల్ నుంచి బయల్దేరే ఓడలు ఎక్కువగా వాంకూవర్ దీవికి పడమటి వైపు, అంటే దీవుల అడ్డు లేని పసిఫిక్ మహాసముద్రం మీదుగా వెళ్తాయి. అందుకని మొదటి రాత్రి, మర్నాడు పగలు ఊపు తెలుస్తుంది. వాంకూవర్ నగరం నుంచి బయల్దేరే ఓడలు దీవులకీ తీరానికీ మధ్య ఉన్న ఇన్‌సైడ్ పాసేజ్‌లో వెళ్తాయి కాబట్టి అక్కడ నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి. ఊపంటే మరీ భయం ఉన్నవాళ్ళు పిల్లలతో ఈ మాట ముందే చెప్పండి.

గది కూడా ముఖ్యమే. ఓడ మధ్యలో, కింది డెక్కుల్లో, అంటే కింది అంతస్తుల్లో, ఊపు తక్కువ. ఉయ్యాల చివర కూర్చున్నవాడికి ఎక్కువ ఊగినట్టు ముందూ వెనకా ఉన్న గదుల్లో ఎక్కువ తెలుస్తుంది. గదికి పైనా కిందా కూడా గదులే ఉన్నాయో లేదో చూడమనండి. పైన బఫే ఉంటే తెల్లారకముందే కుర్చీలు లాగే చప్పుడు నెత్తిమీదే వినిపిస్తుంది.

నా మటుకు నాకు రెండో రాత్రి నుంచి ఆ ఊపు జోల పాడినట్టే అనిపించింది. ఇంటికొచ్చాక నాలుగు రోజులపాటు మంచం కదలకపోతే ఏదో వెలితిగా ఉండేది.

వాంతులైతే ఏం చెయ్యాలి?

కడుపు ఖాళీగా ఉంచకండి. వాంతి వస్తుందని తినడం మానేస్తే ఇంకా తిప్పుతుంది. పుల్లటి ఆకుపచ్చ ఆపిల్, ఉప్పు బిస్కెట్లు అడిగితే తెచ్చిస్తారు. ఓడవాళ్ళు తరతరాలుగా నమ్ముకున్న చిట్కా అది. నేను ఇంటి నుంచి అల్లం మురబ్బా తీసుకెళ్ళాను, బాగా పనిచేసింది. గదిలో పడుకుని పైకప్పు చూడకుండా డెక్ మీదకి వచ్చి, దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీత మీద చూపు నిలపండి.

మెక్లిజిన్ అనే మాత్ర ఓడలో దొరుకుతుంది. ఊపు మొదలయ్యాక కంటే ముందు వేసుకుంటేనే గుణం. దాంతో మత్తు వస్తుంది. గ్లకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్ళు ఇండియాలోనే మీ డాక్టర్ని అడిగి, సరేనంటేనే వాడండి.

గది ఎంత ఉంటుంది? ఇద్దరికి సరిపోతుందా?

మామూలు గది 150 నుంచి 200 చదరపు అడుగుల లోపే. తలుపు తీయగానే మా ఆయన "మన స్టోర్ రూమ్ అంత ఉందే" అన్నారు. కానీ అంత పొదుపుగా సర్దిన గది నేనెక్కడా చూడలేదు. పెట్టెలు మంచం కిందకి పోతాయి. అద్దం వెనక అల్మారా, సోఫా కింద సొరుగు.

గోడలు చాలా ఓడల్లో ఇనుప రేకువే. ఇది నేను అందరికీ చెప్పే మాట: అయస్కాంతం ఉన్న కొక్కేలు ఓ ఆరు తీసుకెళ్ళండి. స్వెటర్లు, టోపీలు, చేతిసంచి, మా ఆయన కళ్ళజోడు కూడా వాటికే వేలాడాయి. గదిలో సగం చిందరవందర పోయింది. మేకులు కొట్టకూడదు, టేపులు అంటించకూడదు, కొక్కేనికి మాత్రం అభ్యంతరం లేదు.

కిటికీ లేని లోపలి గది తీసుకుంటే చవక. కాకపోతే దీపం ఆర్పితే కన్ను పొడుచుకున్నా కనపడదు, పగలో రాత్రో తెలియదు. చాలా ఓడల్లో టీవీలో ఒక ఛానెల్ ఓడ ముందుభాగం కెమెరానే చూపిస్తూ ఉంటుంది. సౌండ్ తీసేసి రాత్రంతా అది పెట్టుకుంటే తెల్లవారగానే గదిలోకి వెలుగొస్తుంది. మా అమ్మాయి వాళ్ళు అలాగే చేశారు.

మాకు బాల్కనీ గది తీశారు. జూన్‌లో అలాస్కా రాజధాని జూనో దగ్గర పగలు సుమారు 18 గంటలు. రాత్రి తొమ్మిదిన్నరకి కూడా పుస్తకం చదువుకునేంత వెలుతురు. దుప్పటి కప్పుకుని బాల్కనీలో కూర్చుంటే ఒకసారి దూరంగా నీళ్ళ మీద తెల్లటి ఆవిరి లేచింది. ఇంకాస్సేపటికి మళ్ళీ. హంప్‌బ్యాక్ తిమింగలం ఊపిరి అది. చలికాలం హవాయి వైపు గడిపి, వేసవిలో మేతకి ఇంత దూరం వస్తాయి. ఆ కుర్చీ, ఆ దుప్పటి నాకు ఓడలోని పెద్ద హాళ్ళన్నిటికంటే నచ్చాయి.

తలగడలు, దుప్పట్లు అదనంగా ఇస్తారా?

ఇస్తారు. గదులు చూసే స్టీవార్డ్ మొదటి రోజే వచ్చి పలకరిస్తాడు. అప్పుడే చెప్పేయండి: మంచాలు కలిపి ఉంచాలా విడదీయాలా, తలగడ మెత్తగానా గట్టిగానా, పరుపు మీద ఇంకో మెత్త కావాలా. నడుంనొప్పి ఉన్నవాళ్ళు ఈ చివరిది తప్పక అడగండి, ఉంటే వేస్తారు. ఇన్సులిన్ వాడేవాళ్ళకి ఫ్రిజ్, వాడేసిన సూదులు పడేసే డబ్బా ఇస్తారు. చాలా ఓడల్లో సాయంత్రం మీరు భోజనానికి వెళ్ళొచ్చేసరికి పక్క సర్ది, టవల్‌ని ఏనుగులాగో కోతిలాగో మడిచి పెడతారు. మా మనవడు రోజూ దానికోసమే మా గదికి పరిగెత్తుకొచ్చేవాడు.

బాత్రూమ్ సంగతి చెప్పండి. మగ్గు ఉంటుందా?

మామూలు గదుల్లో మగ్గు, చేతి స్ప్రే ఉంటాయనుకోవద్దు. చిన్న ప్లాస్టిక్ మగ్గో, ముక్కు ఉన్న నీళ్ళ సీసానో పెట్టెలో వేసుకోండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, అంత ఖర్చు పెట్టి వెళ్ళి వారం రోజులు ఇబ్బంది పడటం ఎందుకు?

ఫ్లష్ విమానంలో లాగా గాలితో లాగేస్తుంది. చప్పుడుకి మొదటిసారి ఉలిక్కిపడతారు. మూత వేసి నొక్కండి. టాయిలెట్ పేపర్ తప్ప ఇంకేదీ అందులో వేయకండి, ఒక గదిలో అడ్డం పడితే ఆ వరసలో పక్క గదులకీ ఇబ్బంది. గుమ్మం నేల కంటే ఎత్తుగా ఉంటుంది. రాత్రి నిద్రకళ్ళతో వెళ్ళేటప్పుడు కాలి బొటనవేలు జాగ్రత్త. చిన్న బెడ్‌లైట్ ఒకటి పెట్టుకుంటే మంచిది. స్నానం తెర లోపలే చెయ్యాలి, బయట నేల తడిస్తే ఓడ ఊపుకి జారతాం. వేడినీళ్ళకి మాత్రం ఒక్కరోజూ లోటు లేదు.

మేం శాకాహారులం. తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ మొదటి రాత్రే నోరు విప్పాలి.

బఫేలో చాలా ఓడల్లో ఇండియన్ కూరలు ఒకటో రెండో ఉంటాయి. పప్పు, అన్నం, ఒక్కోసారి నాన్. అయితే అసలైన తిండి పెద్ద డైనింగ్ హాల్లో, హెడ్ వెయిటర్ చేతిలో ఉంటుంది. మొదటి రాత్రి మేం మెనూ చూసి సూపు, బ్రెడ్డుతో లేచిపోబోతుంటే మా బల్ల చూసే అతను ఆగమన్నాడు. గోవా అబ్బాయి. గోవావాళ్ళు తరాల నుంచి ఓడల్లో పనిచేస్తున్నారు, వాళ్ళ నాన్న కూడా ఓడలోనే వంట చేసేవాడట. "ఆంటీ, రేపటికి ఏం కావాలో ఇప్పుడు చెప్పండి, చేయించి ఉంచుతాను" అన్నాడు హిందీలో. ఇండియా వంటవాళ్ళు లోపల ఉన్నారు, ముందురోజు చెబితే చాలట. ఆ తర్వాత ఆరు రాత్రులు మాకు పప్పు, ఒక కూర, వేడి రొట్టెలు బల్ల మీదకి వచ్చాయి. ఒకరోజు వంకాయ కూర అడిగితే మసాలా మన గుత్తివంకాయకి దగ్గరగానే కుదిరింది. ఇదంతా మెనూలో ఎక్కడా రాసి ఉండదు. దీనికి వేరే డబ్బులు అడగలేదు.

జైన భోజనం, ఉల్లి వెల్లుల్లి లేనిది కావాలంటే టికెట్ కొన్నప్పుడే రాయించాలి. సూపుల్లో మాంసం రసం పోస్తారు, కూరగాయల సూపని రాసి ఉన్నా ఒకసారి అడిగి పోయించుకోండి.

మరి పెరుగన్నం?

పొద్దున టిఫిన్ దగ్గర చప్పటి పెరుగు పెడతారు. చిక్కగా ఉంటుంది, పులుపు తక్కువ. రెండు చెంచాల పాలు కలిపి, వేడి అన్నంలో వేసి మెదిపితే మన పెరుగన్నమే. మధ్యాహ్నం, రాత్రి కూడా అడిగితే లోపల నుంచి తెచ్చిస్తారు. ఎంత గొప్ప విందైనా చివర ఒక ముద్ద పెరుగన్నం పడకపోతే మా ఆయనకి భోంచేసినట్టే ఉండదు. అది తెలిసి ఆ గోవా అబ్బాయి మూడో రోజు నుంచి మేం కూర్చోకముందే గిన్నెతో పెరుగు పెట్టి ఉంచాడు.

ఊరగాయ, కారప్పొడి కంపెనీ సీలు ఉన్న పాకెట్లే తీసుకెళ్ళండి. ఇంట్లో వండినవి సాధారణంగా ఓడలోకి రానివ్వరు. ఓడలో పండు చేతిలో పట్టుకుని రేవులో దిగకండి, పళ్ళూ మాంసం ఒడ్డుకి తీసుకెళ్ళడం నిషేధం.

పొద్దున్నే కాఫీ పడాలి. ఎలా?

నాకు ఐదింటికి కాఫీ లేకపోతే తలనొప్పి. ఓడలో మామూలు కాఫీ పల్చగా, చేదుగా ఉంటుంది. కెటిల్ తీసుకెళ్దామనుకోకండి. కెటిల్, ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కర్ లాంటివి అగ్ని ప్రమాదం భయంతో ఎక్కేటప్పుడే తీసుకుని, దిగేటప్పుడు తిరిగిస్తారు.

నేను చేసింది ఇది. రాత్రి భోజనం అయ్యాక చిన్న స్టీలు ఫ్లాస్కు ఇచ్చి, పొగలు కక్కే పాలు పోసివ్వమన్నాను. బాగా మరిగించిన పాలు కావాలని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, వాళ్ళకి గోరువెచ్చనిదే వేడి. ఇంటి నుంచి తెచ్చిన ఇన్‌స్టంట్ కాఫీ పొడి, పంచదార, రెండు స్టీలు గ్లాసులు గదిలో సిద్ధం. పొద్దున ఐదింటికి ఫ్లాస్కు మూత తీస్తే పాలు ఇంకా వేడిగానే ఉన్నాయి. గ్లాసులో పోసి, ఇంకో గ్లాసులోకి తిరగపోసేసరికి నురగ కూడా వచ్చింది. ఆ చిన్న గదిలో కాఫీ వాసన నిండి, బయట పొగమంచులో దేవదారు చెట్ల కొండలు ఒక్కొక్కటే జరిగిపోతుంటే, ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

టీ తాగేవాళ్ళకి ఇంత శ్రమ లేదు. బఫేలో వేడినీళ్ళు, టీ బ్యాగులు ఎప్పుడూ ఉంటాయి.

గదిలో దీపం పెట్టుకోవచ్చా?

వద్దు. కొవ్వొత్తి, అగరుబత్తి, ఒత్తి ఏదీ వెలిగించకూడదు. ఓడ మీద నిప్పుని మించిన భయం లేదు. నేను బ్యాటరీతో వెలిగే చిన్న ప్రమిద తీసుకెళ్ళి, చిన్న వెంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టుకుని విష్ణు సహస్రనామం చదువుకున్నాను. మనసుకి లోటు అనిపించలేదు.

మందులు ఎక్కడ పెట్టుకోవాలి?

చేతిసంచిలో, తప్పకుండా. ఇది మాకు జరిగింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఎక్కే రోజు పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుంటారు, అవి గది దగ్గరికి రావడానికి గంటలు పడుతుంది. మా ఆయన బీపీ, షుగర్ మాత్రలు పెద్ద పెట్టెలో ఉండిపోయాయి. మధ్యాహ్నం మాత్ర వేళకి పెట్టె లేదు, ఎవరిని అడిగినా వస్తుంది వస్తుందనే చెప్పారు. రాత్రి ఎనిమిదింటికి వచ్చేదాకా నా టెన్షన్ అంతా ఇంతా కాదు. మందులు, చీటీ, కళ్ళజోడు, ఒక జత బట్టలు, స్వెటర్ మీ చేతిలోనే ఉండాలి.

ఓడలో డాక్టర్ ఉంటారు, ఫీజు మాత్రం బాగా ఎక్కువ. మీ విజిటర్ ఇన్సూరెన్స్ ఓడ మీద కూడా చెల్లుతుందో లేదో పిల్లల్ని అడిగి తెలుసుకోండి.

బట్టలు ఉతుక్కోవచ్చా? చీరలు కడితే ఇబ్బందా?

ఒక సంచి నిండా బట్టలకి ఇంత అని మధ్యలో ఒకరోజు లాండ్రీ ఆఫర్ పెడతారు, అది లాభం. చిన్నవి బాత్రూమ్‌లో ఉతికి, అక్కడ లాగి కట్టుకునే తాడు మీద ఆరేసుకోవచ్చు. చీర నిరభ్యంతరంగా కట్టుకోండి, అందరూ ముస్తాబై భోజనానికి వచ్చే ఫార్మల్ నైట్ రోజు నా గద్వాల చీరని పట్టుకుని చూసినవాళ్ళు ఎంతమందో. మెట్ల మీద, గాలి వీచే పై డెక్ మీద మాత్రం కుచ్చిళ్ళు జాగ్రత్త. పగలు సల్వార్, వెనక పట్టీ ఉన్న చెప్పులో బూట్లో మేలు.

వారం గుర్తుండదని విన్నాను. నిజమేనా?

నిజమే. పేపర్ లేదు, పాలవాడు లేడు. మా ఓడలో లిఫ్టు నేల మీద ఆ రోజు పేరు నేసిన తివాచీ వేసేవారు, అర్ధరాత్రి దాటాక మార్చేవారట. మా ఆయన శనివారం ఒంటిపూట ఉంటారు. ఆ రోజు బఫేకి బయల్దేరి లిఫ్టులో కింద చూసి, ఆగిపోయి, పళ్ళు మాత్రం తిన్నారు.

అలాస్కా సమయం సియాటిల్ కంటే ఒక గంట వెనక. ఒడ్డుకి దిగినప్పుడు ఫోన్ ఒక టైము, ఓడ ఒక టైము చూపించవచ్చు. తిరిగి ఎక్కడానికి ఓడ టైమే లెక్క, అందుకే చేతి గడియారం పెట్టుకోండి.

ఇండియాకి ఫోన్ చేసుకోవచ్చా?

ఎక్కగానే ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. లేకపోతే సముద్రం మీద ఓడ నెట్‌వర్క్ పట్టుకుని బిల్లు వాచిపోతుంది. వైఫై కొనుక్కుంటే వాట్సాప్ మాటలు వెళ్తాయి. మేం ఇద్దరికి ఒకటే కొన్నాం, సరిపోయింది.

చేతులు కడుక్కోమని ఎందుకు అంత వెంటపడతారు?

నోరోవైరస్ భయం. ఒకరికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మూసి ఉన్న ఓడలో వేగంగా పాకుతుంది. ఆ వైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బూ నీళ్ళే దారి. అమెరికా రేవులకి వచ్చే ఓడల శుభ్రతని సీడీసీ అనే ప్రభుత్వ సంస్థ 1970ల నుంచి తనిఖీ చేస్తోంది. 100కి మార్కులు వేస్తుంది, 85 లేదా అంతకంటే తక్కువొస్తే ఫెయిల్. మన ఇళ్ళలో కాళ్ళూ చేతులూ కడుక్కుని కంచం ముందు కూర్చోమంటారు కదా, అదే అలవాటు ఇక్కడ కాపాడుతుంది.

మోకాళ్ళ నొప్పులు. నడవగలమా?

లిఫ్టులు బోలెడు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వీల్‌చెయిర్ అడిగితే ఇస్తారు. పిల్లలు ముందుగా రాయిస్తే ఇంకా మంచిది. నడవాల్లో రెండు పక్కలా పట్టుకునే కమ్మీ ఉంటుంది, ఊపు లేకపోయినా ఒక చెయ్యి దాని మీద ఉంచండి. మొదటి రోజు అందరికీ ప్రమాద సమయం డ్రిల్ ఉంటుంది. ఏడు చిన్న హారన్లు, ఒక పొడుగు హారన్ వినిపిస్తే ఎక్కడికి వెళ్ళాలో అప్పుడు చూపిస్తారు. కాళ్ళనొప్పులని మానకండి, ఆ చోటు కళ్ళతో చూసి రండి.

టిప్పులు ఎంత ఇవ్వాలి?

చాలా కంపెనీలు మనిషికి రోజుకి ఇన్ని డాలర్లని బిల్లులోనే వేసేస్తాయి. అది కాక మనకి బాగా చేసినవాళ్ళ చేతిలో ఎంతో కొంత పెట్టడం మన ఇష్టం. నెలల తరబడి ఇంటికి దూరంగా, పొద్దుటి నుంచి రాత్రిదాకా నిలబడి పనిచేసే పిల్లలు వాళ్ళు. పేరు పెట్టి పిలవండి, ఇంటి సంగతి అడగండి.

గ్లేసియర్ (మంచునది) చూసే రోజు చలి తట్టుకోగలమా?

తట్టుకోగలం, ఒకదాని మీద ఒకటి వేసుకుంటే. లోపల థర్మల్స్, పైన స్వెటర్, ఆ పైన గాలీ వానా ఆపే జాకెట్. చెవులు కప్పే టోపీ, చేతి తొడుగులు మరవద్దు.

మేం గ్లేసియర్లు చూసింది గ్లేసియర్ బే అనే నేషనల్ పార్కులో. అందులోకి రోజుకి రెండు పెద్ద ఓడలకి మించి రానివ్వరు. పొద్దున పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి ఓడ ఎక్కి, మైకులో అన్నీ చెబుతారు. 1794లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ వాంకూవర్ నౌకాయాత్ర ఇటు వచ్చినప్పుడు ఆ అఖాతం దాదాపు అంతా మంచే. 1879లో ప్రకృతి పరిశీలకుడు జాన్ మ్యూర్ వచ్చేసరికి ఆ మంచు 30 మైళ్ళకు పైగా వెనక్కి పోయింది. ఇప్పుడు మనం ఓడలో కూర్చుని వెళ్ళే నీళ్ళన్నీ అప్పుడు మంచుగడ్డే.

తెల్లారకముందే రెయిలింగ్ దగ్గర చోటు పట్టుకోవాలని తొక్కుకోకండి. మార్జరీ గ్లేసియర్ ముందు ఓడ చాలాసేపు ఆగి, నెమ్మదిగా చుట్టూ తిరుగుతుంది, రెండు వైపుల వాళ్ళకీ కనిపిస్తుంది. డెక్ మీద దుప్పట్లు ఇస్తారా అని అడగండి. వేడి బఠానీ సూపు పంచే ఓడలూ ఉన్నాయి, అందులో మాంసం వేశారేమో కనుక్కుని తాగండి.

మంచు నీలంగా ఉంటుంది. ఏళ్ళ తరబడి ఒత్తుకుపోయిన ఆ గడ్డ వెలుగులో ఎరుపుని మింగేసి నీలాన్ని వదులుతుంది. మేం చూస్తుండగా ఒక గోడంత ముక్క విరిగి నీళ్ళలో పడింది. ముందు పడటం కనిపించింది, ఆ తర్వాత పిడుగు లాంటి చప్పుడు వచ్చింది. ఆ క్షణంలో ఒళ్ళో దుప్పటి, చేతిలో ఫ్లాస్కు ఉన్నాయి కాబట్టి చలి గుర్తులేకుండా చూడగలిగాను. పక్కన పల్చటి జాకెట్‌తో వచ్చిన ఒక పెద్దాయన పాపం వణుకుతూ లోపలికి వెళ్ళిపోయారు.

ఇండియా పాస్‌పోర్టుతో వెళ్తే ఏం కాగితాలు కావాలి?

సియాటిల్ నుంచి వెళ్ళే ఓడలు సాధారణంగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవు నుంచి బయల్దేరి మళ్ళీ అక్కడికే రావాలంటే మధ్యలో ఇంకో దేశంలో ఆగాలి, 1886 నాటి చట్టం అది. కాబట్టి మన పాస్‌పోర్టు మీద విజిటర్‌గా వెళ్ళేవాళ్ళకి కెనడా వీసా కావాలి, మళ్ళీ అమెరికాలోకి రావడానికి మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాలి. ఓడ ఎక్కేటప్పుడే చూస్తారు. వీసాకి టైము పడుతుంది, టికెట్ కంటే ముందు ఈ పని మొదలుపెట్టమనండి.

దిగే రోజు సంగతి?

ముందురోజు రాత్రి పెద్ద పెట్టెలు గది బయట పెట్టాలి, వాళ్ళే రేవుకి చేరుస్తారు. మర్నాడు కట్టుకునే బట్టలు, చెప్పులు, పళ్ళ బ్రష్షు, మందులు, పాస్‌పోర్టు బయట ఉంచుకున్నాకే పెట్టెకి తాళం వేయండి. మంచం కింద, సొరుగుల్లో, గోడ కొక్కేల మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. కాఫీ ఫ్లాస్కు మాత్రం ఆఖరి పొద్దుదాకా నింపించి ఉంచుకోండి. సియాటిల్ రేవులో ఓడ ఆగేసరికి ఇంకా ఆరు కూడా కాదు, దిగడానికి పిలుపు రావడానికి ఇంకో రెండు గంటలుంటుంది.